పశువుకు పెట్టని చెక్క

పోయిన వారం మా మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక జాబితా పెట్టారు. కుక్కలకు, పిల్లులకు ప్రమాదమైన మొక్కలంటూ ఇరవై బొమ్మలు, కింద ఇంగ్లీషు పేర్లు. చాలామంది దండాలు పెట్టారు. ఇద్దరు గన్నేరు పీకేస్తున్నామన్నారు. ఒకావిడ తన మనీప్లాంట్ ఎవరికైనా కావాలా అని అడిగింది. నేను ఆ బొమ్మలన్నీ రెండుసార్లు చూశాను. మా కుక్క మల్లిని ఐదు రోజులు సెలైన్ మీద ఉంచినది అందులో లేదు.

అది మొక్కల జాబితా కాబట్టి లేదు. మల్లిని పడేసింది మొక్కలకు వేసే ఎరువు. ఆ గ్రూపులో చాలామంది మిద్దెల మీద ఓ మూల సంచిలో ఉండేదే. ఆముదం చెక్క, అంటే గింజ ఆడించి నూనె తీశాక మిగిలే పిప్పి.

శ్రావణంలో ఒక ఆదివారం వంగ, టమాటా నారు పెడదామని కుండీలకు మట్టి కలిపాను. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు, వాటిలో వేపపిండి, ఆముదం చెక్క పొడి, ఎముకల పొడి తలా రెండు గుప్పెళ్ళు. మల్లికి అప్పటికి ఏడాదిన్నర. వీధిలో దొరికిన తెల్ల కుక్కపిల్ల, పెరిగి పదకొండు కిలోలయింది. నేను మిద్దె మీద ఉన్నంతసేపూ నా వెనకే తిరుగుతుంది. పని అయ్యాక సంచి మూతి మడిచి, దాని మీద ఒక ఖాళీ కుండీ బోర్లించి, అన్నానికి కిందికి దిగాను. మల్లి పైనే నీళ్ళ ట్యాంకు నీడలో పడుకుని ఉంది.

నాలుగింటికి వెళ్ళేసరికి కుండీ దొర్లిపోయింది, సంచి పక్కకు ఒరిగి ఉంది. మల్లి మూతికీ మీసాలకీ గోధుమరంగు పొడి. కొత్తగా నింపిన రెండు కుండీల్లో మట్టి బయటికి తవ్వేసి ఉంది. కోప్పడ్డాను, మూతి కడిగాను, నేల ఊడ్చాను. అంతే. రాత్రి అన్నం మామూలుగానే తింది.

తెల్లవారుజామున మూడింటికి మొదటిసారి కక్కింది. ఆరయ్యేసరికి మరో నాలుగుసార్లు. మధ్యాహ్నానికి లేచి నిలబడలేకపోయింది, విరేచనంలో రక్తం కనబడింది. ఆసుపత్రిలో డాక్టర్ గారు అడిగిన రెండో ప్రశ్న నా చెవుల్లో ఇంకా ఉంది. "ఇంట్లో ఎలుకల మందు పెట్టారా? తోటలో మందులేమైనా కొట్టారా?"

"లేదండీ. మేం మందులు అస్సలు వాడం. అంతా ఆర్గానిక్."

నేను అబద్ధం చెప్పలేదు, నమ్మే చెప్పాను. ఆ మాట విన్నాక ఆయన విషం సంగతి పక్కన పెట్టి కుక్కల్లో వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ పరీక్ష చేయించారు, వాంతులు ఆగడానికి, ఇన్ఫెక్షన్‌కు ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆయన చోట ఎవరున్నా అదే చేసేవారు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. నాన్న నల్గొండ జిల్లాలో మా ఊళ్ళోనే ఉంటాడు. వ్యవసాయం మానేసి పదేళ్ళయింది.

"ఏం తిన్నది బిడ్డా?"

"మట్టి తిన్నది నాన్నా. ఎరువు కలిపిన మట్టి."

"ఏం ఎరువు?"

చెప్పాను. కాసేపు అవతల నుంచి మాట రాలేదు. "ఆముదపు చెక్కనా? అది బర్రెకు గూడ పెట్టం గద బిడ్డా."

## రెండు రకాల చెక్క

ఆ ఒక్క మాటలో నాకు తెలియాల్సింది మొత్తం ఉంది. తెలియనిదని కూడా అనలేను. చిన్నప్పుడు మా చెలకల్లో ఆముదాలు వేసేవాళ్ళం. గింజలు ఎండబోసినప్పుడు కోళ్ళను, మేకపిల్లలను తోలడం నా పని. ఇంట్లో పల్లి చెక్క, నువ్వుల చెక్క, పత్తి గింజల చెక్క ఉండేవి, రాత్రి నానబెట్టి పొద్దున కుడితిలో కలిపి బర్రెకు పెట్టేవాళ్ళు. ఆముదం చెక్క మాత్రం ఇంటి గడప తొక్కేది కాదు. బండి మీద నుంచి నేరుగా చేలోకే. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పశువుకు పెట్టే చెక్క వేరు, పొలానికి వేసే చెక్క వేరు, అంతే.

దాని వెనక ఉన్న సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆముదం గింజలో రిసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. అందుకే గింజ ఆడించినప్పుడు నూనెలోకి పోకుండా చెక్కలో మిగిలిపోతుంది. పిల్లలకు పట్టిన ఆముదం ఏమీ చేయకపోవడానికీ, అదే గింజ చెక్క ప్రాణం మీదికి తేవడానికీ కారణం ఇదే. బాగా వేడి చేస్తే రిసిన్ పాడైపోతుంది. కానీ నా చేతికొచ్చిన సంచిలోని చెక్కకు ఎంత వేడి తగిలిందో చూసి చెప్పగలిగేది కాదు. కడుపులోకి వెళ్ళిన రిసిన్ కణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది, మొదటి దెబ్బ పేగుల లోపలి పొర మీద పడుతుంది. లక్షణాలు వెంటనే కనబడవు, కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు దాటుతుంది. మల్లి ఆ రాత్రి హాయిగా అన్నం తినడం అందుకే. దీనికి విరుగుడు మందు లేదు. త్వరగా తీసుకెళ్తే కడుపు ఖాళీ చేయించి, విషాన్ని పీల్చుకునే బొగ్గు పొడి పడతారు. మాకు ఆ సమయం దాటిపోయింది. మర్నాడు సంచి ఫోటో పంపాక డాక్టర్ గారు లివర్, కిడ్నీ పరీక్షలు చేయించి, సెలైన్ పెంచి, ఒంట్లో నీరు తగ్గకుండా కాపాడుకుంటూ వచ్చారు. మల్లి బతికింది. ఎంత తిన్నదన్నదే తేడా అని ఆయన అన్నారు.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఎముకల పొడి. ఉత్త ఆముదం చెక్క అయితే ఒక్కసారి మూతి పెట్టి వదిలేసేదేమో. ఎముకల పొడి వాసనకు ఏ కుక్కైనా వస్తుంది. విషం పక్కనే ఎర నేనే కలిపాను, రెండు గుప్పెళ్ళ లెక్కతో, పుస్తకంలో రాసుకున్న కొలత ప్రకారం.

మా ఊళ్ళో ఇంకో మాట ఉంది, నాము. జొన్న కోసిన మోళ్ళకు మళ్ళీ వచ్చే పిలకలు అవి. వానలు సరిగా లేని రోజుల్లో ఆ లేత పిలకలు తింటే పశువు అక్కడికక్కడే పడిపోతుంది, వాటిలో సైనైడ్ పుడుతుంది. జొన్న అన్నం పెట్టే పంటే. ఆ పంటే ఒక దశలో చంపుతుందని తెలిసి, ఆ దశకు విడిగా పేరు పెట్టుకుని, ఎద్దుల్ని అటు పోనివ్వకుండా కాచుకున్నారు. పశువు ఇంటి ఆస్తి కనుక దాని చుట్టూ ఇంత తెలివి పోగయింది. కుక్కకు, పిల్లికి అలాంటి మాటలు పుట్టలేదు. ఊళ్ళో కుక్క వాకిట్లో పడుకునేది, ఊరంతా తిరిగేది, ఎరువు సంచితో పాటు నాలుగు గోడల మధ్య ఉండేది కాదు. ఇప్పుడు మనం కుక్కను ఇంట్లోకి తెచ్చాం, చేలో వేసే చెక్కను కూడా మేడ మీదికి తెచ్చాం. రెండూ ఒకచోటికి చేరాయి, వాటిని విడిగా ఉంచాలన్న మాట ఊళ్ళోనే ఉండిపోయింది.

## వాటికి తెలుసు అనే వాళ్ళతో

మల్లి ఇంటికొచ్చాక చాలామందికి చెప్పాను. సగం మంది అన్నది ఒకటే. జంతువులకు తెలుసమ్మా ఏది తినాలో ఏది తినకూడదో, ఊరకుక్కలు గన్నేరు తిని చచ్చాయా ఎక్కడైనా?

ఈ మాటను తేలిగ్గా కొట్టేయలేను. హైవేల మధ్య విభాగాల్లో మైళ్ళకొద్దీ గన్నేరు నాటి ఉంటుంది. గన్నేరు ఆకులో, పువ్వులో, కొమ్మలో గుండెను కొట్టే విషం ఉంది. పచ్చగన్నేరు గింజ ఇంకా ప్రమాదం. అయినా కుక్కలు వాటి జోలికి పోవు, ఆకు చేదు. జిల్లేడు పాలు నోటికి తగలగానే ఉమ్మేస్తాయి. పచ్చి మొక్క విషయంలో ఆ మాట చాలావరకు నిజమే.

ఎండిపోయాక చేదు అంతగా తెలియదు, విషం మాత్రం అలాగే ఉంటుంది. కత్తిరించి కుప్ప పోసిన గన్నేరు కొమ్మలు పశువులకు, మేకలకు పచ్చిచెట్టు కంటే ఎక్కువ ప్రమాదం. పొద్దంతా మిద్దె మీద ఒంటరిగా ఉండే ఏడాది కుక్కపిల్ల ఆకలికి నమలదు, తోచక నములుతుంది. ఇక పొడి చేసి, ఎముకల వాసన పట్టించిన విషాన్ని గుర్తుపట్టే తెలివి ఏ జంతువుకూ ఎక్కడి నుంచీ రాదు. ఆ మూలను నేను మూడుసార్లు సబ్బు నీళ్ళతో కడిగాను. మల్లి ఇప్పటికీ మిద్దె ఎక్కగానే ముందు అక్కడికే పరుగెడుతుంది. నేల మీద ముక్కు ఆనించి, కళ్ళు సగం మూసి, తోక ఊపుతూ వాసన చూస్తుంది. ఐదు రోజులు తనను సెలైన్ మీద పడుకోబెట్టిన వాసన అది.

ఇంకో మాట కూడా విన్నాను. మనుషులకే దిక్కు లేదు, కుక్కల కోసం ఇంత ఆలోచనా అని. అదే మిద్దె మీద మా పక్కింటి వాళ్ళ పాప పాకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆ సంగతి చెప్తే ఎవరూ మళ్ళీ ఆ మాట అనలేదు.

## ఎర్ర త్రికోణం, ఆకుపచ్చ ఆకు

పురుగు మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రాని వాడికి కూడా ఎరుపు చూస్తే చేయి వెనక్కి పోతుంది. మా ఆముదం చెక్క సంచి మీద ఏముందో ఆసుపత్రి నుంచి వచ్చాక తీసి చూశాను. పెద్ద ఆకు బొమ్మ. సహజం, సేంద్రియం, నేలకు బలం. కుక్క మాట, పిల్లి మాట, పిల్లల మాట ఎక్కడా లేదు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ఆముదం చెక్కను పెట్టిన కోవ పేరే తినదగని నూనె చెక్కలు. అంటే ఇది తినేది కాదన్న సంగతి కాగితం మీద ఉంది. సంచి మీదికి వచ్చేసరికి ఆకు బొమ్మ మిగిలింది.

నా ఫిర్యాదు ఆముదం చెక్క మీద కాదు. ఆర్గానిక్ అన్న మాట మీద. ఆ మాట నేలకు సంబంధించింది. నేలలో రసాయనం వేయలేదని చెప్తుంది, అంతవరకే. మనం దాన్ని ఇంటికి తెచ్చుకుని, దీనితో ఎవరికీ ఏమీ కాదు అని అర్థం చేసుకున్నాం. నేను డాక్టర్ గారితో అన్న మాట అలాగే పుట్టింది. ఉమ్మెత్త సేంద్రియమే. పొగాకు కషాయం సేంద్రియమే. నాభి దుంప సేంద్రియమే. దగ్గుకు, కిడ్నీ రాళ్ళకు అని ప్రతి ఇంట్లో ఒక కుండీలో పెంచే రణపాలలోనూ గన్నేరులాగే గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయని, పశువులు దాన్ని ఎక్కువగా మేసి చనిపోతాయని ఎంతమందికి తెలుసు?

ఇక్కడ నాకొక భయం ఉంది. ఈ వ్యాసం చదివి ఎవరైనా ఆముదం చెక్క మానేసి పురుగు మందు గుళికల వైపు వెళ్తే? మా వీధిలోనే ఒకరు వేరుపురుగుకు గుళికలు వేస్తారు. చిన్న పాలిథిన్ కవర్లో చిల్లరగా తెచ్చుకున్నవి, పేరు లేదు, త్రికోణం లేదు. ఫోరేట్ గుళికల్ని 2018 ఆగస్టు ఉత్తర్వుతో, 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో పూర్తిగా నిషేధించారు. ఆయన కవర్లో ఉన్నవి ఏవో ఆయనకే తెలియదు. ఆ జాతి మందులు పడితే కుక్క నోటి నుంచి చొంగ ధారగా కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఒళ్ళంతా వణుకు. అక్కడ గంటల వ్యవధి కూడా ఉండదు. వాటికి విరుగుడుగా డాక్టర్లు ఇచ్చే అట్రోపిన్ ఉమ్మెత్తలో కూడా ఉండే పదార్థమే. కాబట్టి ఎవరైనా నన్ను ఆముదం చెక్కా, గుళికలా అని అడిగితే రెండో ఆలోచన లేకుండా చెక్కే అంటాను. చెక్క వాడండి. కానీ అది విషమని తెలిసి వాడండి. బిగుతుగా మూత పడే డ్రమ్ములో ఉంచండి, ఎముకల పొడితో కలపకండి, కుండీలో అడుగున వేసి పైన జానెడు మట్టి కప్పండి, ఆ పని చేసే రోజు కుక్కను కింద కట్టేయండి.

నేను మాత్రం మానేశాను. పల్లి చెక్క నీళ్ళు పోద్దామా అనుకుని దాని మీద కూడా ఆగాను. బూజు పట్టిన పల్లి చెక్కలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, అది కుక్కల లివర్‌ను దెబ్బతీస్తుంది. వానాకాలంలో మిద్దె మీద ఏ చెక్కకు బూజు పట్టదు? ఇప్పుడు వర్మీ కంపోస్టు, కొద్దిగా వేపపిండి. కాయలు కాస్త తగ్గాయి, నిజమే.

## పేర్ల దగ్గర తికమక

ఆ జాబితా దగ్గరికి మళ్ళీ వస్తాను. అది పెట్టినావిడ మంచి మనసుతోనే పెట్టింది. కానీ అందులో మొదటి బొమ్మ లిల్లీ. అసలైన లిల్లీ పిల్లులకు నిజంగా ప్రాణాంతకం. పుప్పొడి ఒంటి మీద రాలితే నాక్కున్నా సరే, రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. బొకేల్లో వచ్చే పెద్ద గులాబీ రంగు, తెల్ల, నారింజ లిల్లీలు అవి. మన పూల బజారులో లిల్లీ పూలంటే మాత్రం దండల్లోకి వేసే తెల్ల మొగ్గల కాడలు, నేల సంపెంగ. ఆ జాతే వేరు. గ్రూపులో ఒకాయన నేల సంపెంగ దుంపలన్నీ తవ్వి పారేశాడు. ఆయన ఇంట్లో పుట్టినరోజు బొకే ఫోటో అదే వారం చూశాను, అందులో నారింజ రంగు లిల్లీలు నాలుగున్నాయి. ఆయనకు పిల్లి ఉంది. ఫోన్ చేసి చెప్పాను.

మనీప్లాంట్, డైఫెన్‌బాకియా లాంటివి కొరికితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, కుక్క కంగారు పడుతుంది. చాలావరకు అంతటితో పోతుంది. ఇంటి ముందు అందానికి పెట్టే సైకస్ సంగతి అలా కాదు, దాని గింజలు ఒకటి రెండు చాలు లివర్ పోవడానికి. జాబితాలో రెండూ పక్కపక్కనే, ఒకే సైజు బొమ్మలు. అన్నిటికీ ఒకేలా భయపడమంటే మనిషి పది రోజుల్లో దేనికీ భయపడడు.

మన తోటల జాబితా మనమే రాసుకోవాలి, మన పేర్లతో, మన పండుగలతో. వినాయక చవితి పత్రి ఇరవై ఒకటిలో దత్తూరం ఉమ్మెత్త, కరవీరం గన్నేరు, అర్కం జిల్లేడు. వాటిని తీసేయమని నేను అనను, మా ఇంట్లో కూడా ఆ పూజ అలాగే చేస్తాం. పూజయ్యాక ఆ పత్రిని చెరువులో కలపకుండా కుండీల మీద పరవడం ఈమధ్య చాలామందికి అలవాటైంది. మంచి అలవాటే, నేనూ చేశాను. తొమ్మిదో రోజుకు అది ఎండి, కుక్కకు అందే ఎత్తులో, ఏది ఏ ఆకో తెలియకుండా ఉంటుంది. ఈసారి మూత ఉన్న కంపోస్టు డబ్బాలో వేశాను.

అంతా చేశాక కూడా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. అప్పుడు ఉప్పు నీళ్ళు పట్టించకండి, అది రక్తంలో ఉప్పు పెంచి ఇంకో ప్రమాదం తెస్తుంది. నూనె, చింతపండు రసం వద్దు. డాక్టర్ చెప్పకుండా కక్కించే ప్రయత్నం చేయకండి. సంచి, డబ్బా, ఆకు, కక్కినది కొంచెం ఏదో కవర్లో తీసుకుని పరుగెత్తండి. తోటలో ఏం వేశారని అడిగితే మందులు, ఎరువులు అని విడదీయకుండా అన్నీ చెప్పండి. పేడ వేసినా చెప్పండి.

మల్లి కోలుకున్నాక నేను చెక్క కొన్న విత్తనాల కొట్టుకు వెళ్ళాను. గొడవ పెట్టుకోవడానికి కాదు. కొట్టాయన పెద్దవాడు, మొత్తం విన్నాడు. "మా ఇంట్లో గూడ పశువులకు పెట్టేది కాదమ్మా," అన్నాడు. "మరి కొట్లో ఎందుకు చెప్పలేదండీ?" అంటే, ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఎవరూ అడగలేదమ్మా. అందరికీ తెలుసనుకున్నా." అట్టముక్క తీసి, మార్కర్ నా చేతికిచ్చి, ఏం రాయాలో మీరే రాయండి అన్నాడు. పశువుకు పెట్టని చెక్క, కుక్కలకు పిల్లులకు పిల్లలకు అందనివ్వద్దు, అని రాసి గోనె సంచికి సుతిలి తాడుతో కట్టాం.

మొన్న నారు కోసం వెళ్తే ఆ అట్ట ఇంకా ఉంది, దుమ్ము పట్టినా అక్షరాలు కనబడుతున్నాయి. నా ముందే ఒకబ్బాయి రెండు కిలోలు కొన్నాడు. ఆయన గోనె సంచిలోంచి తూచి, తెల్ల కవర్లో పోసి, ముడివేసి ఇచ్చాడు. అట్ట గోనె సంచి దగ్గరే ఉండిపోయింది. నేను ఆ అబ్బాయిని ఆపి, ఇంట్లో కుక్క ఉందా బాబూ అని అడిగాను. ఉందన్నాడు.